ల్యాప్‌టాప్ నత్తనడక, కరెంటు పోతే గంట కూడా రావడం లేదు. బ్యాటరీ మార్చాలా, మొత్తం మార్చాలా?

తాడిపత్రి లెక్కలు:

తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. 2021లో కొన్న ల్యాప్‌టాప్. ఐ3 పదకొండో తరం, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ, క్రోమ్‌లో సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లుల సైటు, జీఎస్టీ సైటు, వాట్సాప్ వెబ్. నా పనంతా ఇంతే. ఆటలు, వీడియోలు ఏమీ లేవు.

పొద్దున ఆన్ చేశాక టాలీ తెరుచుకునేలోపు టీ తాగి, గ్లాసు కడిగి పెట్టొచ్చు. లారీ లోడయి గేటు దగ్గర ఉంటుంది, డ్రైవరు హారన్ కొడుతుంటాడు, ఇక్కడ ఈ-వే బిల్లు పేజీ తిరుగుతూనే ఉంటుంది. యాభై వేలు దాటిన సరుకును బిల్లు లేకుండా బయటికి పంపలేం కదా. ఇక బ్యాటరీ. కరెంటు పోతే యాభై నిమిషాలు, అంతే. జనరేటర్ ఉంది కానీ అది కోత మిషన్లకే సరిపోదు, ఆఫీసు ఫ్యాను కూడా దాని మీద తిరగదు. టాలీ తెరిచి ఉండగా ల్యాప్‌టాప్ టక్కున ఆరిపోతే డేటా ఏమవుతుందోనని గుండె దడ.

ఓనరు గారు బ్యాటరీ వేయించుకో అంటున్నారు. మా తమ్ముడు కొత్తది కొనిపించు అంటున్నాడు. మిషన్ల దగ్గరి పిల్లలు "ఇయ్యక్కా, కంప్రెసర్ గాలి కొట్టిస్తాం, దుమ్మంతా పోతాది" అంటున్నారు, ఇంకా ఇవ్వలేదు. టేబుల్ పైన మా ఫ్యాక్టరీ నల్ల బండే, దాని మీదే ల్యాప్‌టాప్ ఉంటుంది. పక్కన కూలర్. ఇంత చల్లటి చోట పెట్టినా అడుగు భాగం చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. దేనికి ముందు డబ్బు పెట్టమంటారు?

కర్నూలు బీటెక్:

4 జీబీ ర్యామ్‌తో ఈ రోజుల్లో కష్టం మేడమ్. ముందు 8 చేయించండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ అన్నీ ఆపేయండి. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి. డార్క్ మోడ్ పెడితే బ్యాటరీ కూడా మిగులుతుంది. మా హాస్టల్లో అందరం అట్లే వాడతాం.

అనంతపురం సర్వీసు:

అక్కా, ఫస్టు మాట. ఆ కంప్రెసర్ పిల్లోళ్ల చేతికి మాత్రం ఇయ్యొద్దు. ఆ గాలి బండల మీది బురద లేపేంత జోరు. దాంట్లో నీళ్ల తుంపర కూడా ఉంటాది. పైగా ఆ గాలికి లోపలి చిన్న ఫ్యాను దాని లెక్కకు మించి తిరిగి బేరింగ్ పోతాది. నా దగ్గరకు అట్లాంటివి వస్తానే ఉంటాయి.

మీ ఊరి ల్యాప్‌టాపులు తెరిస్తేనే తెలిసిపోతాది ఇది తాడిపత్రి సరుకని. మామూలు ఇంటి దుమ్మయితే దూది మాదిరి ఉండ చుట్టుకొని ఉంటాది, బ్రష్ పెడితే ఊడొస్తాది. బండ దుమ్ము అట్ల కాదు, పౌడరు. ఫ్యాను దగ్గర రాగి గొట్టం చివర సన్నటి రేకులు ఉంటాయి, వేడి బయటకు పోయేది వాటి సందుల్లోంచే. పక్కన కూలర్ అన్నారు చూడండి, దాని తేమ, ఈ పౌడరు కలిసి ఆ సందుల్లో గచ్చు పట్టేస్తాది. ఇంక గాలి పోయే దోవ యాడుంది? ప్రాసెసర్ వంద డిగ్రీల దగ్గరకు పోతానే తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటాది. మీరు స్లో అయింది అనుకుంటారు. అంతసేపూ ఫ్యాను మాత్రం ఫుల్లుగా తిరుగుతూ కరెంటు తాగుతానే ఉంటాది. కాబట్టి కూలర్ గాలి మీ మీదికి పెట్టుకోండి, ల్యాప్‌టాప్ మీదికి వద్దు.

చల్లటి బండ మీద పెట్టినా ఎందుకు కాలుతాది అంటే, గాలి లోపలికి లాగేది అడుగునుంచే. అడుగున రబ్బరు బుడిపెలు ఉన్నాయో ఊడిపోయాయో చూడండి. మీ మాదిరి నాలుగేండ్లు వాడినవాటికి సగం ఊడిపోయి ఉంటాయి. అప్పుడది బండకు అతుక్కుపోతాది, గాలి ఆడదు. వెనక వైపు కింద రెండు టైల్ ముక్కలు పెట్టి రోంత ఎత్తండి. పైసా ఖర్చు లేదు.

కర్నూలు తమ్ముడు డార్క్ మోడ్ అన్నాడు. అది నలుపు ఉన్న చోట లైటే వెలగని ఓఎల్ఈడీ స్క్రీన్ ఫోన్లకు సరే. ఈ ధర ల్యాప్‌టాపుల్లో స్క్రీన్ వెనకాల లైటు ఎప్పుడూ వెలుగుతానే ఉంటాది, పైన నలుపు చూపించినా తెలుపు చూపించినా దానికి ఒకటే. బ్రైట్‌నెస్ తగ్గిస్తే మిగులుతాది, రంగు మారిస్తే కాదు.

ర్యామ్ మాట నిజమే, కానీ మొదటిది అది కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పొద్దున ఆన్ చేయగానే అందులో డిస్క్ అనే గడి చూడండి. 100 శాతం చూపిస్తా కదలకుండా ఉంటే మీ రోగం అదే. 1 టీబీ హార్డ్ డిస్క్ అంటే లోపల నిజంగానే ఒక పళ్లెం తిరుగుతా ఉంటాది, ఈ రకాల్లో మామూలుగా నిమిషానికి 5400 సార్లు. ముల్లు ఒక చోటినుంచి ఇంకో చోటికి పోవాలంటే టైము పడతాది. ర్యామ్ చాలనప్పుడు విండోస్ మిగతాదంతా ఆ పళ్లెం మీదే దాచిపెట్టి తీస్తా ఉంటాది. క్రోమ్ ఒక పక్క, అప్‌డేట్ ఒక పక్క, యాంటీవైరస్ ఒక పక్క, అన్నీ ఆ ఒక్క ముల్లునే లాగుతాయి. హార్డ్ డిస్క్ బదులు వేసుకునే ఎస్ఎస్‌డీలో అయితే అంతా చిప్పుల మీదే దాస్తాది, తిరిగేదే లేదు.

ఇంకొకటి. బ్యాటరీ మార్చాలా వద్దా అనేది నన్ను అడగొద్దు, ఓనర్ని అడగొద్దు, ల్యాప్‌టాప్‌నే అడగండి. స్టార్ట్ దగ్గర సీఎండీ అని కొట్టి నల్ల విండో తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాసి ఎంటర్ కొట్టండి. ఒక ఫైలు తయారవుతాది, యాడ పెట్టిందో కిందనే చెప్తాది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు. అవి ఇక్కడ పెట్టండి.

తాడిపత్రి లెక్కలు:

అన్నా, డిస్క్ 100 శాతమే. నేను ఏమీ తెరవకముందే! గడువు తీరిన యాంటీవైరస్ ఒకటి పైన కనిపిస్తోంది, కొన్నప్పుడు ఫ్రీగా వచ్చింది. రబ్బరు బుడిపెలు రెండే మిగిలాయి.

రిపోర్టులో డిజైన్ కెపాసిటీ 41,040. ఫుల్ ఛార్జ్ 17,800. రెండింటికీ పక్కన ఎండబ్ల్యూహెచ్ అని ఉంది. అంటే సగం కూడా లేదు కదా, బ్యాటరీయే వేయించుకోవాలా?

అనంతపురం సర్వీసు:

మీరు లెక్కల మనిషి, మీకు చెప్పడం సులువు. 41,040 మిల్లీవాట్ అవర్లు అంటే 41 వాట్ అవర్లు. ఇప్పుడు మిగిలింది 17.8. అంటే 43 శాతం. ఇది ఒక నష్టం.

ఇప్పుడు రెండోది చూడండి, అసలు కథ ఇక్కడుంది. 17.8 వాట్ అవర్లు యాభై నిమిషాల్లో అయిపోతోందంటే మీ ల్యాప్‌టాప్ 21 వాట్లకు పైగా తాగుతోంది. టాలీ, నాలుగు ట్యాబులు తెరిచిన ఐ3 మిషన్ అంత తాగాల్సిన పని లేదు. 9, 10 వాట్లతో నడవాలి. తక్కిన సగం ఏమవుతోంది? మీరు పని చేయనప్పుడు కూడా అది పని చేస్తానే ఉంది. పళ్లెం ఆగకుండా తిరగడం, ఫ్యాను ఆగకుండా తిరగడం, యాంటీవైరస్ వెతకడం, స్క్రీన్ ఫుల్ బ్రైట్.

ఈ 21ని 9 చేస్తే ఇదే పాత బ్యాటరీ మీద 17.8ని 9తో భాగించండి. దాదాపు రెండు గంటలు. బ్యాటరీ కొనకుండానే. అదే ఇప్పుడు కొత్త బ్యాటరీ వేసి మిగతాది ఇట్లే వదిలేస్తే 41ని 21తో భాగించినా అదే రెండు గంటలు. టాలీ మాత్రం టీ గ్లాసు కడిగినాకే తెరుచుకుంటాది. అందుకే ఎస్ఎస్‌డీ, క్లీనింగు ముందు. బ్యాటరీ ఆరు నెలలు ఆగినా పర్వాలేదు.

ఎస్ఎస్‌డీకి: మీ మోడల్ తెరిస్తే లోపల ఎం.2 స్లాట్, అంటే సన్నటి ఎస్ఎస్‌డీ గుచ్చే గాడి, ఖాళీగా ఉండే అవకాశం ఎక్కువ. ఉంటే అందులో వేయించండి, లేకుంటే హార్డ్ డిస్క్ తీసి దాని చోట అదే సైజులో వచ్చే సాటా ఎస్ఎస్‌డీ. 256 జీబీ మీకు చాలు. అది తెరిచినప్పుడే ఫ్యాను రేకులు శుభ్రం చేయించి, ప్రాసెసర్ వేడిని రాగికి అందించే పాత థర్మల్ పేస్ట్ గీకేసి కొత్తది వేయించండి. ఫ్యాను తిరగకుండా పట్టుకొని బ్లోయర్ కొట్టమని ఎదురుగా నిలబడి చెప్పండి. ర్యామ్ ధరలు ఈ మధ్య మండిపోతున్నాయి. ఖాళీ స్లాట్ ఉండి, చేతిలో డబ్బుంటే ఇంకో 4 జీబీ వేయండి, లేదంటే ఎస్ఎస్‌డీతో నెల చూసి అప్పుడు ఆలోచించండి.

యాంటీవైరస్ తీసేయండి. అది పోతానే విండోస్‌లో ఉన్న డిఫెండర్ తనంతట తానే ఆ పని చేసుకుంటాది.

కడప రిటైర్డ్ లెక్చరర్:

తాడిపత్రి అమ్మాయికి రెండు మాటలు. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నీ పని మొత్తం జీఎస్టీ పాస్‌వర్డులతో, బ్యాంకు లావాదేవీలతో కాబట్టి 11కి వెళ్లడం మంచిది. నీ పదకొండో తరం ప్రాసెసర్‌కు అది పనిచేస్తుంది. అయితే హార్డ్ డిస్క్ మీద 11 వేశావో, ఉన్న వేగం కూడా పోతుంది. ఎస్ఎస్‌డీ వేశాకే వెళ్లు.

రెండోది, టేబుల్ మీద పాలిష్ బండ ఉందన్నావు. ఇంతకన్నా సమంగా ఉండే చోటు ఎవరింట్లోనూ ఉండదు. టైల్ ముక్కలు తీసేసి, మూత మూసి ల్యాప్‌టాప్‌ను దాని మీద పెట్టు. బుడిపెలు రెండే ఉన్నాయి కాబట్టి ఊడిన చోట్ల వాటి మందమే ఉన్న అట్ట ముక్కలు పెట్టి నొక్కి చూడు. మధ్యలో ఉబ్బి ఊగుతుంటే, లేదా టచ్‌ప్యాడ్ పైకి లేచి క్లిక్ సరిగా పడకపోతుంటే లోపల బ్యాటరీ ఉబ్బిందన్న మాట. అప్పుడు ఆరు నెలలు ఆగే ప్రశ్నే లేదు, ఆ రోజే తీయించాలి. మా వేసవిలో, రోజంతా ఛార్జర్‌కు తగిలించి నూరు శాతం మీద ఉంచిన బ్యాటరీలకు ఇది మామూలే. వేడి, నిండు ఛార్జింగు రెండూ కలిస్తే లిథియం బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది.

కర్నూలు బీటెక్:

అందుకే కదా సార్ నేను 80 అన్నది!

అనంతపురం సర్వీసు:

తమ్ముడూ, నీ 80 కరెక్టే, కానీ హాస్టల్‌కు. ఉన్న 17.8లో అయిదో వంతు కోసేస్తే అక్కకు కరెంటు పోయినప్పుడు ఏం మిగులుతాది? పాతది పోయేవరకు నూరు పెట్టుకోనీ. కొత్త బ్యాటరీ వేసిన రోజు నుంచి 80 పెట్టుకుంటే సరి. ఆ సెట్టింగు కంపెనీ యాప్‌లోనో, ఆన్ చేసేటప్పుడు తెరిచే బయాస్ సెట్టింగుల్లోనో ఉంటాది. సార్ చెప్పిన బండ పరీక్ష మాత్రం అందరూ చేసుకోవాల్సిందే.

తాడిపత్రి లెక్కలు:

ఊగలేదు సార్, టచ్‌ప్యాడ్ కూడా బాగానే ఉంది.

ఎస్ఎస్‌డీ వేయించాను, అనంతపురంలోనే. ఎం.2 స్లాట్ ఖాళీగానే ఉంది. ఫ్యాను విప్పి చూపించారు, ఆ రేకుల సందుల్లో తెల్లగా పెచ్చులు! మా బండే. నేను లెక్క రాసిన సరుకంతా లారీల్లో పోయిందనుకున్నాను.

మార్చేముందు టాలీ లైసెన్సు సరెండర్ చేసి, తర్వాత మళ్లీ యాక్టివేట్ చేసుకున్నాను. టాలీ వాడేవాళ్లు ఇది మరవకండి. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీ కూడా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి ముందే రాసి పెట్టుకోమన్నారు. విండోస్ 11 కూడా అయింది.

ఇప్పుడు టాలీ క్లిక్ చేస్తే తెరుచుకుంటోంది. పవర్ మోడ్‌ను బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ మీద, బ్రైట్‌నెస్ సగానికి పెట్టాను. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు గంటన్నర పని చేసుకున్నా ఇంకా ఛార్జింగు మిగిలింది. ఓనరు గారికి 17.8 భాగించు 9 లెక్క కాగితం మీద వేసి చూపించాను, బ్యాటరీ బిల్లు మిగిలిందని సంతోషం.

రెండు సందేహాలు మిగిలాయి. సాయంత్రం మూత వేసి బ్యాగులో పెడితే ఇంటికెళ్లేసరికి వేడిగా ఉంటోంది, ఛార్జింగు కూడా కొంత పోతోంది. తీసేసిన 1 టీబీ డిస్క్ ఏం చేసుకోవాలి?

అనంతపురం సర్వీసు:

మూత వేస్తే అది పూర్తిగా పడుకోదు అక్కా. ఫోన్ మాదిరి లోపల మేలుకొని మెయిళ్లు, అప్‌డేట్లు చూసుకుంటా ఉంటాది. బ్యాగులో గాలి ఆడదు కాబట్టి ఉడుకు పడతాది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి పోయి, మూత వేస్తే ఏం చేయాలి అనే చోట హైబర్నేట్ పెట్టండి, అంటే తెరిచిన పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆరిపోతాది. ఆ లిస్టులో హైబర్నేట్ కనపడకపోతే పైన ఉన్న మార్పుల లింకు నొక్కి దాన్ని టిక్ చేయాలి. మీకిప్పుడు ఎస్ఎస్‌డీ కాబట్టి అందులోంచి లేవడానికి పెద్దగా టైము పట్టదు.

పాత డిస్క్‌ను పారేయొద్దు, అమ్మొద్దు. అందులో మీ కంపెనీ లెక్కలన్నీ ఉన్నాయి. రెండున్నర అంగుళాల డిస్క్‌కు యూఎస్‌బీ కేస్ దొరుకుతాది, అందులో వేసుకొని వారానికోసారి టాలీ బ్యాకప్ తీసుకోండి. తీసినాక డిస్క్ ఇంట్లో పెట్టుకోండి, ఫ్యాక్టరీలో వద్దు.