అప్‌డేట్: పాత మైకా గని దిబ్బ మీద చెట్లు లేస్తున్నాయి (సైదాపురం, నెల్లూరు జిల్లా)

రెండేళ్ల కిందట ఇక్కడే అడిగాను. మా ఎకరంన్నరలో సగం పాత మైకా (కాకిబంగారం) గని దిబ్బే, నాటిన వేప, కానుగ మొక్కలు రెండుసార్లూ ఎండిపోయాయి, ఏం చేయాలని. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

"నాటడం మానెయ్ అన్నా, ముందు మేకల్ని ఆపు" అన్న సలహానే పనిచేసింది. చుట్టూ ముళ్లకంప కట్టి, వాలుకు అడ్డంగా మోకాలి లోతు కాలువలు తీయించాను. కార్తీక వానల నీళ్లు వాటిలోనే ఇంకాయి. మొదట జిల్లేడు, తర్వాత తంగేడు, రేగు వాటంతట అవే వచ్చాయి. ఇప్పుడు సర్కారు తుమ్మ నీడలో జానెడు వేప మొలకలు పదకొండు లెక్కపెట్టాను. ఆకుల మీద కాకిబంగారం పొడి మెరుస్తోంది, పక్కనే పిట్టలు రాల్చిన వేపగింజలు.

మైకా విషమేమోనన్న నా టెన్షన్ అనవసరం. మట్టి పరీక్షలో ఉప్పు, చౌడు ఏమీ లేవు. చూసిన వ్యవసాయ అధికారి చెప్పింది ఒకటే: మట్టిలో సారం లేదు, నీరు నిలవదు, లారీలు తిరిగిన చోట వేరు దిగదు. చౌడు లేనప్పుడు జిప్సం దండగ. నాలుగు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించాను, మొదటి వానకే కొట్టుకుపోయింది. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

సర్కారు తుమ్మను ఒకేసారి నరకొద్దు, నరికినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. వేప నడుమెత్తు దాటాక ఒక్కో తుమ్మను వేళ్లతో సహా పెకలిస్తాను. మేకలు రాకపోవడంతో వాటి పెంటికల్లో వచ్చే తుమ్మ గింజలూ తగ్గాయి. లారీలు తిరిగిన దారి మాత్రం ఇంకా బోడిగానే ఉంది.