మిగిలిన చందా చెక్కభజన గురువుకా, షుగరు పరీక్షలకా?

మగ్గం ఇల్లు (ధర్మవరం దగ్గర పల్లె)
శ్రీరామనవమి చందాలో నలభై వేల దాకా మిగిలింది. ఊళ్ళో పెద్దవాళ్ళ ఆరోగ్యానికే ఖర్చు పెట్టాలని అందరం ఒప్పుకున్నాం. తగాదా అక్కడే మొదలైంది. కొందరు బీపీ మిషను, షుగరు స్ట్రిప్పులు కొందామంటున్నారు. నేను కోలాటంలాగే అందరూ కలిసి చెక్కలు వాయిస్తూ ఆడే చెక్కభజన నేర్పడానికి గురువును మూడు నెలలు పిలిపిద్దామంటున్నాను.

మా నాయన పోయాక అమ్మ ఏడు నెలలు గడప దాటలేదు. అన్నం కలిపి అలాగే వదిలేసేది. మందులూ వాడి చూశాం. ఒకరోజు పక్కింటి పెద్దమ్మ చెయ్యి పట్టి లాక్కుపోయి కోలాటం వరుసలో నిలబెట్టింది. మొదటి వారం కోలలు పట్టుకుని ఊరికే నిలబడింది. ఇప్పుడు సాయంత్రం ఐదున్నరకే తల దువ్వుకుని వాకిట్లో కూర్చుంటుంది. రాత్రి నిద్రపోతోంది.

లెక్కల అయ్యవారు (అనంతపురం)
అమ్మగారు తేరుకున్నందుకు సంతోషం, తమ్ముడూ. కానీ ఒక ఇంటి అనుభవం చూసి ఊరి డబ్బు ఖర్చు పెట్టకూడదు. ఏడు నెలలు గడిచాక దుఃఖం దానంతటదే తగ్గి ఉండొచ్చు.

కళలతో ఆయుష్షు పెరుగుతుందనేవాళ్ళు ఇంగ్లండు లెక్క ఒకటి చూపిస్తారు. 2019లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చింది. యాభై దాటిన 6,710 మందిని 14 ఏళ్ళు గమనించారు. కొన్ని నెలలకోసారైనా మ్యూజియానికో, నాటకానికో, కచేరీకో వెళ్ళేవాళ్ళకు అసలు వెళ్ళనివాళ్ళకన్నా చనిపోయే ముప్పు 31 శాతం తక్కువగా కనిపించింది. ఆస్తి, చదువు, జబ్బుల తేడాలు లెక్కలోకి తీసుకున్నాకే ఆ 31 వచ్చింది, ఒప్పుకుంటాను. అయినా కాలు చెయ్యి ఆడేవాడే నాటకానికి పోతాడు. ఇది కారణాన్ని రుజువు చేయదని రాసినవాళ్ళే చెప్పారు.

షుగరు మాత్రం నొప్పి తెలియకుండా తినేస్తుంది. మా అన్నకు కాలి వేలు తీసేదాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

పల్లె నర్సు (ఇదే మండలం)
అయ్యవారూ, ఉన్నవి గమనించి రాసిన లెక్కలే కావు. బ్రిటన్‌లో కాన్పు తర్వాత దిగులు పట్టుకున్న తల్లులను చీటీలు తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపు బిడ్డలతో కలిసి పాటలు పాడింది, ఒకటి ఆటలాడింది, మూడోదానికి మామూలు వైద్యమే. 2018లో ఫలితాలు వచ్చాయి. దిగులు ఎక్కువున్న తల్లులు పాటల గుంపులో ముందుగా తేరుకున్నారు. పది వారాలయ్యేసరికి మిగతావాళ్ళూ తేరుకున్నారు, అదీ చెప్పాలి. అవ్వలకూ అలాగే జరుగుతుందని దీన్నిబట్టి అనలేను. పాట ఒట్టి కాలక్షేపం కాదని మాత్రం నమ్ముతాను.

ఇంకో మాట. ముప్పై దాటినవాళ్ళకు బీపీ, షుగరు పరీక్ష సబ్‌సెంటరులో ఉచితం. ఇంటింటికీ తిరిగి పిలిచినా రారు. గుంతమగ్గంలోంచి లేచి వస్తే ఆ పూట కూలి పోతుంది. మిషను కొన్నా దాని దగ్గరికి వచ్చేదెవరు?

బొమ్మలాట ఇంటివాణ్ణి (నిమ్మలకుంట)
మా ఊరు తోలుబొమ్మలకు పేరు. మా దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కళతో ఆరోగ్యం అంటున్నారు, మా నడుములు కూడా చూడండి. మేకతోలు గీకి, ఆరబెట్టి, ఉలితో చిల్లులు పొడుస్తూ పొద్దస్తమానం వంగి కూర్చుంటాం. నాకు నలభైకే చూపు మసకైంది. తెల్లవార్లూ రామాయణం ఆడిన మా తాత అలసిపోవడం చూశాను, దిగులుపడటం చూడలేదు. తెర ముందు ఊరంతా కూర్చునేది. నేను అదే తోలుతో ల్యాంపుషేడ్లు చేస్తున్నాను, ఆర్డరు ఇచ్చే తేదీ దగ్గరపడితే టెన్షన్‌తో నిద్ర పట్టదు.

గురువును పిలిస్తే కూలి మాట ముందే తేల్చండి. దేవుడి సేవ అని చెప్పి తాంబూలంతో పంపకండి. ఆయనకూ మోకాళ్ళుంటాయి.

కొత్తచెరువు ఆడబిడ్డ
ఆ వరుసలో ఎవరెవరు నిలబడతారు అన్నా? మా ఊళ్ళో కోలాటం గుడి ముందు ఆడతారు. ఎస్సీ కాలనీ అవ్వలు దూరంగా గట్టు మీద నుంచి చూస్తారు. పిల్లలు బెంగళూరుకు పోయి, ఇంట్లో పలకరించే దిక్కు లేనిది ఎక్కువగా వాళ్ళకే.

లెక్కల అయ్యవారు
పరీక్షలు అంత దగ్గర్లో ఉచితంగా ఉన్నాయని నాకు తెలియదమ్మా. మిషను మాట వదిలేస్తాను. కానీ మొదటి రోజే వచ్చినవాళ్ళందరి బీపీ, షుగరు, నిద్ర ఎన్ని గంటలో రాయాలి. మూడు నెలలకు మళ్ళీ రాయాలి. దాంతో రుజువేమీ కాదు, జబ్బున్నవాళ్ళు మాత్రం బయటపడతారు. ఆదివారం బస్సెక్కి నేనే నోటుబుక్కుతో వస్తాను.

మగ్గం ఇల్లు
గురువుగారితో మాట్లాడాను. రోజు కూలి ఆయన చెప్పిందే ఇస్తున్నాం, బస్సు ఖర్చు వేరే. చోటు గుడి ముందు కాదు, బడి ఆవరణ. నర్సమ్మ శనివారాలు అక్కడికే వస్తామన్నారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కుర్చీలో కూర్చుని చెక్కలు వాయించొచ్చని గురువుగారే అన్నారు. రేపు కాలనీకి పిలుపుకు వెళ్తున్నాం. అమ్మ తానూ వస్తానంది.