కంటికి గోజీ పండ్లు: ఎవరైనా వాడారా?

గోదారిగట్టు:
అమ్మకి అరవై ఎనిమిదేళ్లు. కంటి తెర నడిమి భాగం, అంటే మాక్యులా దగ్గర డ్రూసెన్ అనే పసుపు మచ్చలు మొదలయ్యాయి, ఇప్పటికి మందేమీ అక్కర్లేదు, చూస్తూ ఉందాం అన్నారు డాక్టరు. మా పిన్ని కూతురు అమెరికా నుంచి ఎండు గోజీ పండ్లు (ఎర్రగా, చిన్నగా ఉంటాయి) తెచ్చి, కంటికి మంచివి పెట్టమంటోంది. రోజుకి ఎన్ని పెట్టాలి? నానబెట్టాలా, ఊరికే నమిలినా చాలా? షుగర్, బీపీ లేవు. వాల్వు మార్చినప్పటి నుంచి రక్తం పల్చబడే మాత్ర మాత్రం వేసుకుంటుంది. వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సింగపూర్_వంటిల్లు:
ఇక్కడ చైనీస్ ఇళ్లలో ఇవి లేని వంటిల్లు ఉండదండీ. కోడి సూపు దించే ముందు గుప్పెడు వేస్తారు. ఎక్కువసేపు ఉడికితే పుల్లబడతాయి. ఎండు చేమంతులతో కలిపి టీ పెడితే కళ్లమంట తగ్గుతుందని మా పక్కింటి ఆంటీ అలవాటు చేసింది, ఇప్పుడు ఆఫీసు నుంచి రాగానే నాకు అదే కావాలి. లేత ఆకులు కూడా వండుతారు, కోడిగుడ్డు కొట్టి పోసి సూపు చేస్తారు. చాలా బాగుంటుంది.

బెజవాడబాబు:
ఎండు పండ్లు తింటే తినండి గానీ, జ్యూస్ సీసాల జోలికి మాత్రం వెళ్లొద్దని దణ్ణం పెట్టి చెబుతున్నా. మా నాన్న రిటైర్ అయిన డబ్బు గొలుసుకట్టు వాళ్ల పాలైంది. 'హిమాలయ గోజీ' అట, కీళ్లనొప్పుల నుంచి క్యాన్సర్ దాకా అన్నీ పోతాయట. లీ చింగ్-యువెన్ అనే చైనా ఆయన ఇవి తిని 250 ఏళ్లు బతికాడని మీటింగులో ఫొటో వేసి చూపించారు. రుజువున్న మనుషుల్లో ఎక్కువ కాలం బతికింది ఫ్రాన్స్‌లో జాన్ కల్మాన్, 1997లో పోయింది, 122 ఏళ్లు. ఆ ముక్క చెబితే నాన్న నాతో నెల మాట్లాడలేదు.

యిన్‌చువాన్_డాక్టర్:
హిమాలయం గిమాలయం ఏం లేదన్నా. నేను మెడిసిన్ చదివింది చైనాల నింగ్షియాలనే. అసలు పేరున్న పంట అక్కడి జోంగ్‌నింగ్ది, పసుపు నది నీళ్లతోటి పండుతది. చైనా సర్కారు మందుల పుస్తకం ఫార్మకోపియాల మందు అని రాసింది లైసియం బార్బరమ్ అనే ఎర్ర గోజీ పండును, మోతాదు రోజుకు 6 నుంచి 12 గ్రాములు. జ్వరమున్నోళ్లకు, విరేచనాలైతున్నోళ్లకు అక్కడి వైద్యులు ఇయ్యరు. 50 గ్రాములల్ల 280 పండ్లు దాటకుంటే అది మేలురకం, పండు చిన్నదైనకొద్దీ గ్రేడ్ పడిపోతది. మన దగ్గర నిగనిగలాడేవి చూసిన, అన్నీ గంధకం పొగ పెట్టినయే. కొనకుండ్రి.

బేగంబజార్_డ్రైఫ్రూట్స్:
డాక్టర్ సాబ్, 'అన్నీ' అని ఎట్లంటరు? హోల్‌సేల్ మాది, మా నాయన కాలం నుంచి. మంచి సరుకైతే రంగు దానంతట అదే ఉంటది. గంధకం ఆప్రికాట్లకు కూడా పడతరు, అవి తింటలేరా?

యిన్‌చువాన్_డాక్టర్:
ఆప్రికాట్ సంగతి ఎవరడిగిండ్రు? ఆస్తమా ఉన్నోళ్లు గంధకం పొగతోటి పండుకు పట్టే సల్ఫైట్ తింటే ఆయాసం లేస్తది, ఆ పేషెంట్లను చూసేది మేము, మీరు కాదు. రంగంతా ఒక్కతీరుగ ఉండి, కాడ ఊడిన చోట ఉండే తెల్ల మచ్చ కూడా ఎర్రగనే ఉంటే అనుమానపడాలె. సంచి విప్పంగనే ముక్కు చుర్రుమంటే వాపస్ ఇచ్చేయాలె.

బేగంబజార్_డ్రైఫ్రూట్స్:
మా సంచిల చుర్రుమనేది లేదు. చూడకుండ మాట్లాడుడు పద్ధతి కాదు.

నల్లగోజీ_నమ్మకం:
ఎర్రవి వదిలేయండి, నల్లవి తినండి. లైసియం రుథేనికమ్ అంటారు, చైనాలో చింగ్‌హాయ్ వైపు పండుతుంది. యాంథోసయనిన్లు అనే ఊదా రంగు పదార్థాలు దండిగా ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో వేస్తే నీళ్ల గుణాన్ని బట్టి నీలంగానో ఊదాగానో మారుతుంది. నిమ్మరసం పిండితే ఎర్రబడుతుంది. మరిగే నీళ్లు పోయకండి, రంగుతో పాటు గుణమూ పోతుంది.

రిటైర్డ్_కెమిస్ట్రీ_మేష్టారు:
అడిగింది మాక్యులా గురించి. అక్కడ కావలసింది జియాజాంతిన్ అనే పసుపు రంగుపదార్థం, అది ఉండేది ఎర్రదానిలో. ముప్ఫై ఏళ్లు కెరోటినాయిడ్లు (ఇలాంటి రంగుపదార్థాలు) పాఠం చెప్పినవాణ్ణి, గట్టిగా చెబుతున్నాను: అది నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. టీ తాగేసి పండు పారేస్తే కంటికి చేరేది దాదాపు శూన్యం. 2006లో హాంకాంగ్ పరిశోధకులు వేడి వెన్నతీసిన పాలలో రుబ్బి ఇస్తే, వేడినీళ్లలో రుబ్బిన దానికన్నా రక్తంలోకి మూడింతలు చేరింది. 2021లో కాలిఫోర్నియాలో 45 నుంచి 65 ఏళ్ల ఆరోగ్యవంతులు పదమూడు మంది, రోజుకి 28 గ్రాముల చొప్పున వారానికి ఐదు రోజులు, 90 రోజులు తింటే మాక్యులాలో రంగుపదార్థం పెరిగింది. జబ్బు తగ్గిందని కాదు, వాళ్లకి జబ్బే లేదు.

సింగపూర్_వంటిల్లు:
పండు ఎవరు పారేస్తారండీ? టీ తాగి అడుగున ఉన్నవి నమిలి తింటాం. ఇక్కడ పాలు పోసుకుని ఎవరూ తాగరు, అయినా తరతరాలుగా వాడుతున్నారు కదా.

రిటైర్డ్_కెమిస్ట్రీ_మేష్టారు:
నమిలితే మంచిదేనమ్మా, భోజనంలో నూనో నెయ్యో ఉంటే చాలు. తరతరాలుగా వాడటం వేరు, కొలిచి చూడటం వేరు.

మందులషాపు_కాకినాడ:
పైన ప్రశ్న ఎవరైనా పూర్తిగా చదివారా? ఆవిడకి వాల్వు మార్చారు, రక్తం పల్చబడే మాత్ర మీద ఉన్నారు! అది వార్ఫరిన్ అయినా, మన దగ్గర ఎక్కువగా రాసే అసెనోకుమరాల్ అయినా, గోజీ పెట్టకండి. 2001లోనే కేసు అచ్చయింది: వార్ఫరిన్ మీద నిలకడగా ఉన్న 61 ఏళ్ల చైనీస్ ఆవిడ చిక్కటి గోజీ టీ నాలుగు రోజులు తాగితే, రక్తం ఎంత పల్చబడిందో చెప్పే ఐ.ఎన్.ఆర్. పరీక్ష లెక్క హద్దు దాటి 4.1కి వెళ్లింది. ఆ తర్వాత కూడా ఇలాంటి కేసులు వచ్చాయి. రక్తస్రావం తలలో అయితే ఏం చేస్తారు? 28 గ్రాములు, పాలలో రుబ్బండి, నెయ్యి వెయ్యండి అని లెక్కలు చెబుతున్నారు!

రిటైర్డ్_కెమిస్ట్రీ_మేష్టారు:
నేను ఆవిడకి పెట్టమని ఎక్కడా రాయలేదు. పరిశోధనలో ఏముందో చెప్పాను. మాట తూచి వాడండి.

యిన్‌చువాన్_డాక్టర్:
కాకినాడ అన్న చెప్పింది కరెక్ట్. అమ్మకు బంద్ చేయుండ్రి. ఇప్పటికే తిన్నట్టుంటే వెంటనే గుండె డాక్టర్‌కు చెప్పి ఐ.ఎన్.ఆర్. చేయించుండ్రి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, తగ్గించొద్దు, వాల్వు మీద గడ్డ కడితే అది ఇంకా పెద్ద కష్టం.

గోదారిగట్టు:
ఇప్పుడే స్ట్రిప్ చూశాను, అసెనోకుమరాలే. చెల్లి వచ్చినప్పటి నుంచి రోజూ కాసిని తింటోంది అమ్మ. ప్యాకెట్ తీసేశాను, డాక్టరుగారికి ఫోన్ చేశాను, రేపు పొద్దున్నే ల్యాబ్‌కి రమ్మన్నారు. మరి కంటికి ఏం పెట్టమంటారు?

మందులషాపు_కాకినాడ:
మొక్కజొన్న, గుడ్డు పచ్చసొన, నారింజ రంగు క్యాప్సికమ్. వీటిలోనూ జియాజాంతిన్ ఉంది. కంటికి మంచిదని ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకండి, వాటిలోని విటమిన్ కె ఈ మాత్రకి అడ్డుపడుతుంది. వారంవారం ఎంత తింటున్నారో అంతే తిననివ్వండి.

బెజవాడబాబు:
జ్యూస్ సీసా మీద ఈ హెచ్చరిక ఒక్క ముక్క లేదు. మా నాన్నా గుండె మాత్రలు వేసుకునేవాడే.

నల్లగోజీ_నమ్మకం:
నల్లవాటికి కూడా ఈ ఇబ్బంది ఉంటుందా?

మందులషాపు_కాకినాడ:
రకం వేరైనా అదీ లైసియం మొక్కే. వాల్వు మాత్ర వేసుకునేవాళ్లకి నేనైతే నల్లవీ అమ్మను.

బేగంబజార్_డ్రైఫ్రూట్స్:
రేపటి నుంచి గోజీ అడిగినోళ్లను రక్తం మాత్రలున్నాయా అని అడిగే ఇస్త. కానీ డాక్టర్ సాబ్, గంధకం మాట మీరు వాపస్ తీసుకోవాలె. దుకాణానికి రాండ్రి, ఏ సంచి అంటే ఆ సంచి మీ ముందల విప్పుత.

యిన్‌చువాన్_డాక్టర్:
ఆదివారం వస్త. అడుగున ఉన్న సంచి విప్పాలె, పైది కాదు.