కోర్టు డిక్రీ వచ్చాక చర్చిలో రెండో పెళ్లి: చేయవచ్చా, కూడదా?

గాజువాక కాపరి:
అందరికీ వందనాలు. చర్చకు ఒక సందర్భం పెడుతున్నాను. భార్యాభర్తలిద్దరూ బాప్తిస్మం తీసుకున్నవాళ్లే. భర్త ఇల్లు వదిలి వెళ్లిపోయాడు, కోర్టు ఆమెకు విడాకులిచ్చింది. ఇప్పుడు విశ్వాసియైన మరొకరితో పెళ్లి జరిపించమని సంఘాన్ని అడుగుతోంది. చేయకూడదనే నేనంటాను. మార్కు 10:11-12లో ప్రభువు మినహాయింపే ఇవ్వలేదు. మత్తయి 19:9లో ఉన్నది ఒక్కటే, వ్యభిచారం. వదిలేసి పోవడం ఆ లెక్కలోకి రాదు. విడిపోయిన భార్య ఒంటరిగా ఉండాలి, లేదా భర్తతో సమాధానపడాలి అని 1 కొరింథీ 7:11 చెబుతోంది.

అక్కయ్యపాలెం సిస్టర్:
అయ్యగారూ, ఆ వచనం ఇల్లు విడిచి వెళ్లిన భార్య గురించి. ఇక్కడ వెళ్లింది భర్త. ఇంకాస్త కిందికి రండి. అవిశ్వాసి విడిచిపోతే విశ్వాసికి నిర్బంధం లేదని 7:15లో ఉంది. అతనూ బాప్తిస్మం తీసుకున్నాడు కదా అంటారేమో, మత్తయి 18:15-17 చూడండి. ముందు ఒంటరిగా మాట్లాడాలి, తర్వాత సాక్షులను వెంటబెట్టుకుని వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. సంఘం మాటా వినకపోతే అన్యుడిగా ఎంచమన్నాడు ప్రభువు. అలా ఎంచాక 7:15 అతనికి ఎందుకు వర్తించదు?

మన సంఘాల్లో తప్పు జరిగేది ఇక్కడే. పెద్దలు ఆమెను పదేపదే పిలిచి సర్దుకుపొమ్మంటారు, అతని గడప మాత్రం తొక్కరు. ఎవరు వెళ్లారు, ఏ తేదీన, అతనేమన్నాడు అన్నది మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించాలి. అతను వేరే సంఘానికి మారితే ఆ కాపరికి ఉత్తరం రాయాలి. ఇవేవీ చేయకుండా ఆమెను ఒంటరిగా ఉండమనడం అన్యాయం.

జ్ఞానాపురం కేథలిక్:
మా దగ్గర ప్రశ్నే వేరు. బాప్తిస్మం పొందిన ఇద్దరి మధ్య చెల్లుబాటుగా జరిగి, కాపురం మొదలైన పెళ్లిని మరణం తప్ప ఏదీ తెంచదు. కాబట్టి ట్రిబ్యునల్ (చర్చి న్యాయస్థానం) చూసేది పెళ్లి రోజున ఇచ్చిన సమ్మతి సరైనదా కాదా అని: మానసిక అసమర్థత (చర్చి చట్టంలోని నియమం, అంటే కానన్ 1095), మోసం (1098), నటించిన సమ్మతి (1101). అర్జీలు బలహీనపడేది పెళ్లయ్యాక జరిగిన గొడవలతో పేజీలు నింపడం వల్ల. పెళ్లికి ముందు నుంచీ ఇద్దరినీ ఎరిగిన సాక్షులు కావాలి. పెళ్లి చెల్లదని తేలినా పిల్లలు అక్రమ సంతానం కారు. ఒక తీర్పును రెండో ట్రిబ్యునల్ ధ్రువీకరించాలన్న నిబంధనను 2015లో పోప్ ఫ్రాన్సిస్ తీసేశారు.

ఎంవీపీ కాలనీ లాయర్:
చర్చి ట్రిబ్యునల్ తీర్పు ఒక్కటే ఉంటే చట్టం దృష్టిలో మొదటి పెళ్లి అలాగే ఉంటుంది. 1996లో సుప్రీంకోర్టు ఇది తేల్చింది. పెద్దమనుషుల ఒప్పందం, నోటరీ కాగితం కూడా అంతే. వాటిని నమ్మి ఇంకో పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ఏడేళ్ల దాకా జైలు. కాపరిగారు డిక్రీ సర్టిఫైడ్ కాపీ అడగాలి. అప్పీలు గడువు దాటిందా, ఎక్స్‌పార్టీ డిక్రీ (అతను కోర్టుకు రాకుండానే ఇచ్చినది) అయితే దాన్ని కొట్టేయమని అతను పిటిషన్ వేశాడా అని కనుక్కోవాలి.

అయ్యగారూ, డిక్రీలో రాసిన కారణాన్ని బట్టే తీర్మానించకండి. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో భార్యకు పరిత్యాగం (వదిలేసి పోవడం) ఒక్కటే చాలేది కాదు, వ్యభిచారం కూడా రుజువు చేయాల్సి వచ్చేది. 2001 సవరణ తర్వాత రెండేళ్ల పరిత్యాగం చాలు. వ్యభిచారం మీద వేస్తే సెక్షన్ 11 ప్రకారం, కోర్టు మినహాయిస్తే తప్ప, భర్తతో సంబంధం పెట్టుకున్న స్త్రీనీ కేసులో చేర్చాలి. ఆమె పేరు, చిరునామా, సాక్ష్యం అన్నీ కావాలి. ఆ భారం ఎందుకని పరిత్యాగం మీదే వేస్తారు. డిక్రీలో వ్యభిచారం మాట లేనంత మాత్రాన అది జరగలేదని కాదు.

గాజువాక కాపరి:
ఇది ఆలోచించాల్సిందే. అతను వేరే ఆమెతో కాపురం చేస్తున్నాడని ఇద్దరు నమ్మదగిన సాక్షులు చెబితే, డిక్రీలో ఏమున్నా 19:9 ప్రకారం పెళ్లి జరిపిస్తాను. సిస్టర్ గారి దారి మాత్రం ఒప్పుకోలేను. అన్యుడిగా ఎంచమన్నది సహవాసం గురించి, వివాహ బంధం గురించి కాదు. రేపు మారుమనస్సు పొంది తిరిగొస్తే?

అక్కయ్యపాలెం సిస్టర్:
వస్తే సంతోషమే. అందుకే ఉత్తరంలో అతను తిరిగి రావడానికి గడువు తేదీ రాయమంటున్నాను. గడువు లేకపోతే ఎదురుచూపు ఆమె ఒక్కదానికే, అతనికి లేదు. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు మినిట్స్ పుస్తకంలో అంటించండి.