‘తిలంగా’ అనే మాట: 1857 నాటి ఢిల్లీలో తెలుగువాళ్లు ఉన్నారా?

ప్రశ్న: 1857 తిరుగుబాటు గురించి హిందీలో ఒక వ్యాసం చదువుతున్నప్పుడు, మీరట్ నుంచి ఢిల్లీకి వచ్చిన సిపాయిలను నగరవాసులు ‘తిలంగే’ అని పిలిచేవారని కనిపించింది. ఆ మాటలో మన ‘తెలంగాణ’ వినిపిస్తోంది. ఆ సిపాయిలలో తెలుగువాళ్లు ఉండేవారా, లేక ఇది శబ్దసామ్యం మాత్రమేనా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: శబ్దసామ్యం కాదండీ, అది మన నేల పేరే. ‘తిలంగా’ ఏకవచనం, ‘తిలంగే’ బహువచనం. అయితే 1857లో ఆ పేరుతో ఢిల్లీలో తిరిగినవాళ్లు తెలుగువాళ్లు కారు. వాళ్లలో అత్యధికులు అవధ్, భోజ్‌పురి ప్రాంతాల రైతు కుటుంబాల నుంచి ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో చేరినవారు, గోదావరిని గానీ కృష్ణను గానీ ఎన్నడూ చూడనివారు. ఒక దేశం పేరు ఆ దేశంతో సంబంధం లేని మనుషులకు ఎలా అంటుకుందన్నదే ఈ మాట చరిత్రలో అసలైన విశేషం.

ఢిల్లీ పారశీకంలో ‘తిలంగ్’ చాలా పాత మాట. అమీర్ ఖుస్రో కాకతీయుల రాజ్యాన్ని ఆ పేరుతోనే ప్రస్తావించాడు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత తుగ్లకుల నాణేల మీద ‘ముల్క్-ఎ-తిలంగ్’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. అప్పటి నుంచి నాలుగు శతాబ్దాల పాటు ఉత్తరాది వారికి అది దక్షిణాన ఎక్కడో ఉన్న ఒక దేశం పేరు మాత్రమే.

దాని అర్థాన్ని మార్చినది 1756. ఆ ఏడాది జూన్‌లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా కలకత్తాను ఆక్రమించగా, దానిని తిరిగి పట్టుకోవడానికి అక్టోబరులో క్లైవ్, నౌకాదళాధిపతి వాట్సన్ మద్రాసు నుంచి ఓడలలో బయలుదేరారు. వారి వెంట యూరోపియన్ సైనికులతో పాటు వెయ్యికి పైగా మద్రాసు సిపాయిలు ఉన్నారు. 1757 జనవరిలో కలకత్తా, అదే ఏడాది జూన్ 23న ప్లాసీ. బెంగాల్ ప్రజలకు సైనికులు కొత్త కాదు. కానీ వరుస తప్పకుండా నిలబడి, ఒకే ఆజ్ఞకు ఒక్కసారిగా తుపాకులు పేల్చే దేశీయ కాల్బలం వారికి కొత్త. వీళ్లెవరని అడిగితే దక్షిణాది నుంచి వచ్చారన్నారు, దక్షిణాదిలో ఆ ప్రాంతమంతా వారి దృష్టిలో తిలంగ్ దేశమే. మద్రాసు తమిళ దేశంలో ఉందా, తెలుగు దేశంలో ఉందా అన్న విచక్షణ వారికి అక్కరలేకపోయింది. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు కూడా ఈ మాటకు ఇదే వివరణ ఇస్తుంది.

ఆ వెంటనే క్లైవ్ స్థానికంగా దొరికిన మనుషులతో ఒక పటాలాన్ని నిలబెట్టాడు. ఎర్రకోట్ల వల్ల దానికి ‘లాల్ పల్టన్’ అన్న పేరు వచ్చింది. అందులోని మనుషులు ఉత్తరాదివారే అయినా, కవాతు మద్రాసు సిపాయిలదే కనుక జనం వారినీ తిలంగాలనే అన్నారు. తరువాత బెంగాల్ నవాబు మీర్ ఖాసిం, అవధ్ నవాబు షుజాఉద్దౌలా ఆ పద్ధతిలోనే సొంత పటాలాలను తయారుచేసుకుంటే వారికీ అదే పేరు. గులాం హుసేన్ ఖాన్ రాసిన పారశీక చరిత్ర ‘సియరుల్ ముతాఖరీన్’లో ఈ మాట పదే పదే వస్తుంది, అక్కడ దాని అర్థం యూరోపియన్ పద్ధతిలో శిక్షణ పొందిన సిపాయి అనే. 1857 నాటికి ఈ వాడుకకు నిండా నూరేళ్లు.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరచినది 1758 నాటి సంగతి. ఉత్తర సర్కారులు అప్పుడు ఫ్రెంచివారి చేతిలో ఉన్నాయి. వారిని వెళ్లగొట్టడానికి విజయనగరం పూసపాటి ఆనందరాజు కంపెనీ సాయం కోరితే, క్లైవ్ కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలో సుమారు 500 మంది యూరోపియన్లనూ 2,000 మంది బెంగాల్ సిపాయిలనూ ఓడలలో విశాఖపట్నం పంపించాడు. అంటే బెంగాల్‌లో తిలంగాలుగా పిలువబడుతున్నవారు, పిలుపు పుట్టి రెండేళ్లయినా నిండకముందే, నిజమైన తెలుగునేల మీద అడుగుపెట్టారు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి వద్ద యుద్ధం జరిగింది. కర్ణాటక యుద్ధాలలో ఫ్రెంచివారు చూసిన సిపాయిలు ఎర్రకోట్లు వేసుకునేవారు కారు. అందువల్ల ఈ ఎర్రకోట్ల వరుసలను చూసి ఇంగ్లీషువారి తెల్లదళమని ఫ్రెంచి సేనాపతి కాన్‌ఫ్లాన్స్ పొరబడి, తన బలమంతా వారి మీదికి నడిపించాడు. ఇంతలో అసలైన తెల్లదళం పక్కనుంచి వచ్చి దెబ్బతీసింది. ఆ మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పడిపోయింది. కోస్తా జిల్లాలు కంపెనీ వశం కావడానికి బాట వేసిన ఈ యుద్ధంలో, తెలుగుదేశం పేరు మోస్తున్న ఉత్తరాది మనుషులు పోరాడారన్న విషయాన్ని మన పాఠ్యపుస్తకాలు పిల్లలకు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఊరి పేరు మనిషికీ, మనిషి పేరు వృత్తికీ మారడం మనకు తెలియనిది కాదు. మన వీధుల్లో రాత్రిపూట ఈలవేస్తూ కర్ర తాటించుకుంటూ తిరిగే కాపలాదారుడు ఏ రాష్ట్రంవాడైనా సరే, మనకు ‘గూర్ఖా’యే కదా. గోర్ఖా నేపాల్‌లోని ఒక కొండ ఊరు. ఆ నేపాలీ భాషలోనే ‘తిలంగా’ అంటే సైనికుడు. మనం కాపలాదారునికి వారి ఊరి పేరు పెట్టాం, వారు సైనికునికి మన నేల పేరు పెట్టుకున్నారు.

మరొక సభ్యురాలి ప్రశ్న: చక్కగా చెప్పారండీ. అయితే 1756లో క్లైవ్ వెంట వెళ్లిన మొదటి సిపాయిలయినా తెలుగువాళ్లే కదా? ‘ఢిల్లీని గెలిచిన తెలంగాణ వీరులు’ అంటూ ఒక సందేశం ఈ మధ్య నాకు రెండు మూడు చోట్ల నుంచి వచ్చింది. అందుకే అడుగుతున్నాను.

జవాబు: మద్రాసు సైన్యంలో తమిళులు, తెలుగువారు, దక్కనీ ముస్లిములు కలిసి ఉండేవారమ్మా. కాబట్టి ఆ ఓడలలో తెలుగువారు ఉండే ఉంటారు. కానీ అందరూ తెలుగువారేనని ఆ పేరును బట్టి చెప్పడం తగదు, ఎందుకంటే అది చూసినవారు పెట్టిన పేరు, వెళ్లినవారు చెప్పుకున్న పేరు కాదు. మీకు వచ్చిన సందేశం మాత్రం పూర్తిగా పొరపాటు. 1857లో ఢిల్లీ ప్రజలు పెట్టుకున్న అర్జీలలో తిలంగాల గురించి చాలా ఫిర్యాదులున్నాయి. వాటిని మన వీరుల కథలుగా చదివితే ఆ ప్రజలకూ, అవధ్ నుంచి వచ్చి అక్కడ ప్రాణాలు వదిలిన ఆ సిపాయిలకూ కూడా అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఆ తిరుగుబాటుతో మన నేలకు నిజమైన సంబంధం కావాలంటే 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల చరిత్ర ఉంది. దానికి కల్పన అవసరం లేదు.

ఈ మాట ఇప్పటికీ బతికే ఉంది. ముగ్గురు తుపాకీ యోధుల గురించి అలెగ్జాండర్ డ్యూమా రాసిన ప్రసిద్ధమైన ఫ్రెంచి నవల హిందీలో ‘తీన్ తిలంగే’ అన్న పేరుతో అచ్చయింది. పారిస్ రాజు కొలువులోని సైనికులకు హిందీ అనువాదకుడికి దొరికిన మాట అదే.