తంపులమారి, నారదుడు, తగుదునమ్మ: ఈ మాటల పుట్టుక ఏమిటి?

కోనసీమవాసి:
మా అమలాపురం వైపు ఒకరి వ్యవహారంలో అడగకుండా కలగజేసుకునేవారిని పెద్దవారు సందర్భాన్ని బట్టి తంపులమారి అనో, నారదుడు అనో, ‘తగుదునమ్మా అంటూ బయలుదేరాడు’ అనో అంటూ ఉంటారు. మూడూ ఒకే తిట్టు కావని వినేటప్పుడు తెలుస్తూనే ఉంటుంది. తేడా ఎక్కడుందో, అవి ఎలా పుట్టాయో ఎవరైనా వివరించగలరా?

పాలకొల్లు పంతులు:
తంపి అంటే తగవు. తంపులు పెట్టడమే అలవాటైనవాడు తంపులమారి. జిత్తులమారి, టక్కులమారి, మాయలమారి అన్నప్పుడు చేరే ‘మారి’యే ఇదీను. వాడుకలో అది చేరిన మాటలు దాదాపు అన్నీ నిందలే. దానాలమారి అని ఎవరినీ మెచ్చుకోము. ‘ఎగదోయడం’ కూడా ఈ కోవలోదే. పొయ్యిలోకి కట్టెను నెట్టి మంట పెంచడానికీ, తోడికోడళ్ళ మధ్య మాటలు పెంచడానికీ మనకు ఒకటే క్రియ.

తగుదునమ్మ సంగతి వేరు. ‘తగుదును’ అంటే ‘నేను తగినవాడను’ అని అర్థం కాబట్టి, పెళ్ళిసంబంధమైనా, గట్టు తగాదా అయినా, కాలువ నీటి వంతైనా, ఎవరూ పిలవకముందే ‘ఈ పనికి నేనే తగుదునమ్మా’ అని ముందుకు వచ్చే మనిషి నోట లోకం పెట్టిన మాట ఇది. అతనిలో కపటం ఉండనక్కరలేదు, లేనిదల్లా పిలుపు. మగవాడి విషయంలోనూ ఆ ‘అమ్మా’ అలాగే నిలిచిపోవడం నాకు ముచ్చటగా ఉంటుంది.

కాకినాడ పాఠకురాలు:
పంతులుగారూ, నారదుడిని మీరు వదిలేశారు. ఆయన తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు రుక్మిణికివ్వడం, సత్యభామ అలగడం అందరికీ తెలిసిన కథే. కలహభోజనుడన్న పేరు ఇటువంటి కథల వల్లనే స్థిరపడింది. అయితే ఆయన పెట్టిన తగవు చివరకు లోకకల్యాణానికే దారితీస్తుందని పురాణాల మాట కనుక, ‘వీడొక నారదుడు’ అన్నప్పుడు కోపంలోనూ కొంత నవ్వు ఉంటుంది. మా సర్పవరం స్థలపురాణం ఆయననూ వదలలేదు. విష్ణుమాయ తనను అంటదని గర్వించిన నారదుడు అక్కడి గుండంలో మునిగి స్త్రీగా లేచి, పిఠాపురం రాజును పెళ్ళాడి, ప్రభవ మొదలు అక్షయ వరకు 60 మంది కొడుకులను కన్నాడట. ఇతరుల కాపురాల్లో వేలు పెట్టేవారికి ఇంతకు మించిన శిక్ష నాకు తోచదు.

నరసాపురం లేఖకుడు:
పిలుపు లేకపోవడమన్న మాట చాలా సరిగ్గా చెప్పారు. పెత్తనం, వకాల్తా అన్న మాటలు కూడా ఆ దారినే వచ్చాయి. పెద్దతనమే పెత్తనమైంది, ఊరి పెద్దకు చెల్లే అధికారం పేరు కాస్తా, పెద్దరికం ఎవరూ ఇవ్వనివాడి విషయంలో ‘మధ్యలో నీ పెత్తనమేమిటి?’ అన్న నిలదీతగా మారింది. వకాల్తా అరబీ మూలం నుంచి కచేరీల ద్వారా మనకు చేరింది. తన తరఫున వాదించమని కక్షిదారు వకీలుకు రాసిచ్చే కాగితమది. ఆ కాగితం లేకుండానే పక్కింటివారి తరఫున వాదించేవాడిని ‘నీకెవరిచ్చారు వకాల్తా?’ అని అడుగుతారు. తంపులమారిని మాత్రం ఆ ప్రశ్న ఎవరూ అడగరు, వాడు ఎవరి తరఫునా మాట్లాడడు గనుక.