అప్‌డేట్: ఊలు కుక్కపిల్ల నిలబడింది

ఊలు బంతులతో చేసిన అరచేతి పొడవు అలంకరణ కుక్కపిల్ల తల బరువుకు ముందుకు ఒరిగిపోతోందని కిందటి నెల అడిగాను. లోపల తీగ చట్రం పెట్టమని, తలను చిన్నది చేయమని మీరిచ్చిన రెండు సలహాలూ పాటించాను.

మెత్తని అల్యూమినియం తీగను రెండు పేటలుగా మెలిపెట్టి, వెన్నుకు ఒకటి, ముందు కాళ్లకు ఒకటి, వెనుక కాళ్లకు ఒకటి చొప్పున కట్టి, పాదాల కొసలను చిన్న ఉంగరాల్లా వంచిన తరువాత బొమ్మ తొలిసారి తనంతట తాను నిలబడింది. కుక్కపిల్ల శరీరానికి చేసిన బంతికి ఊలు 100 చుట్లు, తల బంతికి 60 చుట్లు చుట్టాను. నడుమ ముడి బిగించేటప్పుడు ఊలు తెగిపోతుండడంతో, నరసాపురంలో లేసు అల్లే మా పిన్ని ఇచ్చిన నూలు దారం వాడాను. ఎంత లాగినా అది తెగలేదు.

జిగురు విషయంలో మాత్రం మన కోనసీమ వానాకాలపు తేమను లెక్కలోకి తీసుకోలేదు. తెల్ల జిగురులోని నీరు ఆవిరైతేనే అతుకు గట్టిపడుతుంది కనుక, ఫెల్ట్ అనే మందపాటి గుడ్డతో చేసిన చెవులు రాత్రంతా ఉంచినా ఆరక జారిపోయాయి. వాటిని సూదితో కుట్టేశాను. నిజానికి ఆ కుట్టే అందంగా ఉంది. తోకకు మా పెరటి కొబ్బరి పీచును దువ్వి కట్టాను, బిరుసుగా ఉండడం వల్ల అది పైకెత్తిన తీరులోనే నిలుస్తోంది.

కళ్లు పూసలవి. మూడేళ్లు నిండని మా పాప వాటిని పీకి నోట్లో పెట్టుకుంటుందేమోనన్న భయంతో బొమ్మను ఎత్తైన గూటిలో ఉంచాను.